అల్బుకర్కీ ఎత్తు ఎడారిలో సైకిల్ తొక్కాలంటే: పల్లేరు ముల్లు నుంచి ఎదురుగాలి దాకా సమగ్ర మార్గదర్శి

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో అల్బుకర్కీ నగరం సముద్రమట్టానికి సుమారు 5,300 అడుగుల ఎత్తున ఉంది. రియో గ్రాండే నది ఒడ్డున ఎత్తు 4,900 అడుగులు. అక్కడి నుంచి తూర్పున సాండియా కొండల పాదం దాకా ఊరంతా ఎక్కుడే. ఏడాదికి వాన 9 అంగుళాల చుట్టుపక్కల పడుతుంది, అందులో దాదాపు సగం జూలై నుంచి సెప్టెంబరు లోపే. సైకిల్ దారుల విషయంలో మాత్రం ఈ ఊరు చాలా పెద్ద నగరాల కంటే మెరుగు. నది వెంట 16 మైళ్ళ తారు దారి ఉంది, దానిమీద ఒక్క కారు కూడా అడ్డం రాదు. వరద కాలువల గట్ల మీద ఇంకొన్ని దారులున్నాయి.

కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామంది మంచి సైకిల్ కొంటారు, రెండు వారాలు తొక్కుతారు, ఆ తర్వాత సైకిల్ గ్యారేజీలోనే ఉండిపోతుంది. తప్పు సైకిల్‌ది కాదు. ముల్లు, గాలి, ఎండ, ఎత్తు అనే నాలుగింటికి ముందే ఏర్పాటు చేసుకోకపోవడమే కారణం. అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ముల్లు సంగతి.

మొదటి దశ: టైర్లను ముల్లుకు సిద్ధం చేయడం

ఇక్కడివాళ్ళు గోట్‌హెడ్ అని పిలిచే ముల్లు మన పల్లేరు కాయే. రెండూ ఒకే మొక్క. నేలకు అతుక్కుని పాకే తీగ, ఐదు రేకుల పసుపు పూలు, ఎండితే ఐదు ముక్కలుగా విడిపోయే కాయ. ఒక్కో ముక్కకు రెండు పెద్ద ముళ్ళు, రెండు చిన్న ముళ్ళు ఉంటాయి. ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. జూలై వానలకు తీగ విజృంభిస్తుంది. ఆగస్టు నుంచి కాయలు ఎండి రాలడం మొదలవుతుంది, అవి మళ్ళీ వసంతం దాకా దారి అంచున ఉంటూనే ఉంటాయి.

షాపులో సైకిల్‌తో వచ్చే మామూలు టైరు, మామూలు ట్యూబ్ ఇక్కడ పనికిరావు. మూడు దారులున్నాయి.

ఊళ్ళో, తారు దారుల మీద మాత్రమే తొక్కేవాళ్ళకు మందపాటి రక్షణ పొర ఉన్న టైరు మంచిది. ష్వాల్బె మారథాన్ ప్లస్ లాంటి వాటిలో నేలను తాకే పైపొరకు అడుగున 5 మిల్లీమీటర్ల రబ్బరు పొర ఉంటుంది, పల్లేరు ముల్లు సాధారణంగా దాన్ని దాటి ట్యూబ్ దాకా రాలేదు. బరువెక్కువ, రిమ్ము మీదికి ఎక్కించడం కష్టం, తొక్కుతుంటే కొంచెం మొద్దుగా అనిపిస్తుంది. రోజూ ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకు అదేమంత లెక్కలోకి రాదు.

రెండోది, ఉన్న ట్యూబ్‌లోనే సీలెంటు పోయడం. ట్యూబ్ లోపల తిరిగే ఈ చిక్కటి ద్రవం చిన్న రంధ్రం పడగానే అందులోకి వెళ్ళి గట్టిపడుతుంది. వాల్వు లోపలి పిన్ను విప్పడానికి వీలుండాలి. కారు టైరుకుండే లాంటి లావు వాల్వు అయితే ఎప్పుడూ వీలే. సన్న వాల్వుల్లో కొన్నిటికే పిన్ను ఊడుతుంది, కొనేముందు అడగండి. టైరు వెడల్పును బట్టి చక్రానికి 60 నుంచి 120 మిల్లీలీటర్లు చాలు. పోసేటప్పుడు వాల్వు గడియారంలో నాలుగు లేదా ఎనిమిది గంటల స్థానంలో ఉంటే ద్రవం వెనక్కి చిమ్మదు. గాలి కొట్టేటప్పుడు మాత్రం వాల్వును పైకి తెచ్చి, ద్రవం కిందికి జారేదాకా ఒక నిమిషం ఆగండి. లేదంటే పంపు మూతిలోకి సీలెంటు చేరి పంపే పాడవుతుంది.

మూడోది, ట్యూబ్‌లెస్, అంటే లోపల ట్యూబ్ లేకుండా టైరులోనే గాలి, సీలెంటు నింపడం. మట్టిదారులు తొక్కేవాళ్ళకు ఇంతకంటే మంచిది లేదు. టైరు మీద రాసి ఉండే కొలతల్లో మొదటి అంకె చక్రం సైజు, రెండోది టైరు వెడల్పు. 700×40 టైరుకు 60 నుంచి 90, 29×2.3 టైరుకు 100 నుంచి 120 మిల్లీలీటర్ల సీలెంటు పోయాలి. పల్లేరు ముల్లు చేసే రంధ్రం సన్నది కాబట్టి సీలెంటుకు అది చాలా తేలికైన పని. గాజుపెంకు చేసే కోతకు మాత్రం సీలెంటు చాలదు, ప్లగ్గు, అంటే కోతలోకి కుక్కే రబ్బరు ముక్క పెట్టాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఎక్కడంటే, డబ్బా మీద నాలుగు నుంచి ఆరు నెలలు పనిచేస్తుందని రాసి ఉంటుంది, ఈ పొడిగాలిలో అది వేసవిలో రెండు నెలలకే ఆరిపోయి టైరు లోపల రబ్బరు పొరలా అంటుకుపోతుంది. చక్రం ఊపితే చప్పుడు రాకపోతే అనుమానించండి. వాల్వు పిన్ను విప్పి సన్నటి ప్లాస్టిక్ టై లోపలికి దించి చూడండి. కొస తడవకపోతే వెంటనే 40 మిల్లీలీటర్లు పోయాలి.

గాలి ఎంత ఉండాలి? 70 కిలోల మనిషికి ట్యూబ్ ఉన్న 700×28 టైరుకు 75 నుంచి 85 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి), 700×40కి 45 నుంచి 55, ట్యూబ్‌లెస్ 29×2.3కి 20 నుంచి 25. వేసవిలో సైకిల్‌ను మూసిన కారులో వదిలేయకండి. 20 డిగ్రీల దగ్గర 50 పి.ఎస్.ఐ. కొట్టిన టైరు కారు లోపల 60 డిగ్రీలకు చేరితే మరో 8, 9 పి.ఎస్.ఐ. పెరుగుతుంది. అంతకంటే పెద్ద నష్టం, ప్యాచ్‌ల జిగురు మెత్తబడి ఊడొస్తుంది.

రెండో దశ: దారిలో పంక్చర్ వేసుకోవడం

ముల్లు కనబడగానే పీకేయకూడదు. సీలెంటు ఉన్న టైరు అయితే ముందు చోటు చూసుకోండి, ముల్లు తీయండి, రంధ్రం నేలవైపు వచ్చేలా చక్రాన్ని తిప్పి అర నిమిషం ఉంచండి. ద్రవం అక్కడికి చేరి మూస్తుంది. ఆ తర్వాత గాలి సరిచేసుకోవచ్చు. సీలెంటు లేని ట్యూబ్ అయితే ఇల్లు దగ్గరలోనే ఉంటే ముల్లును అలాగే వదిలేయండి. అది బిరడాలా గాలిని కొంతసేపు పట్టి ఉంచుతుంది.

దగ్గర ఉండాల్సినవి: ఒక మంచి ట్యూబ్, రెండు టైరు లీవర్లు, పంపు, ప్యాచ్‌లు, చిన్న పట్టకారు. పట్టకారును అనవసరపు బరువు అనుకోకండి. ముల్లు కొస టైరులో విరిగిపోతే గోళ్ళతో రాదు.

టైరు ఎక్కించేటప్పుడే దాని మీది పేరు వాల్వు ఎదురుగా వచ్చేలా పెట్టుకోవాలి. ఆ తర్వాత ట్యూబ్‌లో రంధ్రం వాల్వుకు ఎంత దూరంలో ఉందో చూస్తే, టైరులో ముల్లు ఎక్కడుందో వెంటనే దొరుకుతుంది. ఒకటి దొరికిందని ఆగిపోవద్దు. పల్లేరు కాయలు గుంపుగా ఉంటాయి, ఒక చక్రంలో నాలుగైదు దిగడం మామూలే. టైరు లోపలి వైపు చుట్టూ దూదితో గానీ పాత నూలు గుడ్డతో గానీ మెల్లగా రుద్దండి. ముల్లు కొస ఉన్నచోట పోగు పట్టుకుంటుంది. వేళ్ళతో తడిమితే వేలికే గుచ్చుకుంటుంది. ఇది చేయకుండా కొత్త ట్యూబ్ ఎక్కించినవాళ్ళు అర మైలు దాటకుండానే మళ్ళీ కూర్చుంటారు.

ప్యాచ్ వేసేటప్పుడు ట్యూబ్‌ను ప్యాచ్ కంటే కాస్త పెద్ద వైశాల్యంలో గరుకు కాగితంతో రుద్ది మెరుపు పోగొట్టాలి. పలుచగా జిగురు పూసి ఆరనివ్వాలి. తడి కోస్తా ఊళ్ళలో ఐదారు నిమిషాలు పట్టేది ఇక్కడ మూడు నాలుగు నిమిషాల్లోనే ఆరుతుంది. జిగురు మెరుపు తగ్గి మసకబారాక ప్యాచ్ పెట్టి గట్టిగా నొక్కండి. జిగురు తడిగా ఉండగానే పెట్టేయడం వల్లే ప్యాచ్‌లు ఊడతాయి. ఒకసారి మూత తీసిన జిగురు గొట్టం ఈ పొడిలో కొన్ని వారాల్లో గట్టిపడిపోతుంది కాబట్టి మూత తీయనిది ఒకటి అదనంగా పెట్టుకోండి.

అసలు ముళ్ళు ఎక్కడ దిగుతాయంటే, తొక్కేటప్పుడు తారు దారి నడుమ కాదు. ఫోన్ చూసుకోవడానికో నీళ్ళు తాగడానికో దారి పక్కన మట్టిలోకి సైకిల్‌ను నడిపించినప్పుడు. ఆగాలంటే తారు లేదా సిమెంటు ఉన్నచోటే పక్కకు తప్పుకుని ఆగండి. మట్టి దాటక తప్పకపోతే సైకిల్‌ను భుజానికెత్తండి.

మూడో దశ: బ్రేకులు, చెయిన్

ఇండియా నుంచి వచ్చినవాళ్ళు మొదటి రోజే గమనించాల్సింది ఒకటుంది. మన సైకిళ్ళలో ముందు బ్రేకు కుడి చేతికి ఉండేది. అమెరికాలో అమ్మే సైకిళ్ళకు ముందు బ్రేకు ఎడమ చేతికి ఉంటుంది. వెనక బ్రేకు అనుకుని ఎడమ లీవరు గట్టిగా పట్టేస్తే దిగుడు దారిలో ముందుకు బోర్లా పడతారు. కొన్నాక ముందు చక్రం పైకెత్తి తిప్పండి, ఒక్కో లీవరూ పట్టి ఏది దేనికో చూసుకోండి. ఖాళీ పార్కింగ్‌లో పదిసార్లు ఆపి చేతికి అలవాటు చేసుకోండి. షాపులో అడిగితే మార్చి ఇస్తారు గానీ మార్చకుండా అలవాటు చేసుకోవడమే మేలు. రేపు అద్దె సైకిలో స్నేహితుడి సైకిలో ఎక్కినప్పుడు మళ్ళీ తికమక పడరు.

చెయిన్‌కు ఇక్కడ జిడ్డు నూనె శత్రువు. గాలి తెచ్చే సన్నటి ఇసుక దానికంటుకుని, చెయిన్‌నూ పళ్ళచక్రాలనూ అరగదీస్తుంది. మైనం ఆధారంగా చేసిన పొడి లూబ్రికెంటు వాడండి. పాత జిడ్డంతా డీగ్రీజరుతో కడిగి, పూర్తిగా ఆరాక, చెయిన్ లింకుల మధ్య తిరిగే ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క వేసి రాత్రంతా వదిలేసి, పొద్దున పొడిగుడ్డతో పైపూత తుడిచేయాలి. పని చేయాల్సింది రోలరు లోపలి చుక్క. పైన మిగిలింది దుమ్మును పిలవడానికే పనికొస్తుంది. చెయిన్ సాగుదల కొలిచే గేజి కొనుక్కోండి. 11, 12 గేర్ల చెయిన్ 0.5 శాతం దగ్గర, 9, 10 గేర్లది 0.75 దగ్గర మార్చేస్తే పళ్ళచక్రాలు నిలుస్తాయి.

నాలుగో దశ: ఎత్తు, ఎండ, నీళ్ళు

హైదరాబాదు ఎత్తు 540 మీటర్ల చుట్టుపక్కల. అల్బుకర్కీ 1,600. ఇక్కడి గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో 83 శాతం దాకానే. మొదటి వారం పది రోజులు మాటలు తడబడకుండా మాట్లాడగలిగే వేగంతోనే తొక్కండి. తలనొప్పి వస్తే ఆ రోజుకు ఆపేయండి. 10,678 అడుగుల సాండియా శిఖరం దాకా వెళ్ళే రోడ్డు సైకిల్ వాళ్ళను ఊరిస్తూనే ఉంటుంది, కొన్ని వారాలు ఒళ్ళు అలవాటు పడ్డాకే దాని జోలికి వెళ్ళండి.

చెమట పట్టిన క్షణమే ఆరిపోతుంది కాబట్టి చొక్కా తడవదు, నీళ్ళు పోతున్నట్టే తెలియదు. దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. వేసవిలో గంటకు 500 నుంచి 750 మిల్లీలీటర్లు తాగాలి, అంటే పెద్ద సీసా ఒకటి. గంట దాటే ప్రయాణమైతే ఉప్పు కూడా కావాలి. నీళ్ళలో ఎలక్ట్రోలైట్ బిళ్ళ వేసుకోవచ్చు, ఇంటికొచ్చాక ఉప్పేసిన పలుచని మజ్జిగ తాగవచ్చు. దారిలో కుళాయిలు ఉంటాయని నమ్ముకోకండి, చలికాలంలో వాటిని కట్టేస్తారు.

ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాలు 10 శాతం దాకా పెరుగుతాయి. పొడుగు చేతుల పలుచని లేతరంగు జెర్సీ, ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, పెదవులకు బామ్, దుమ్ము ఆపే కళ్ళజోడు. హెల్మెట్ అందరూ పెట్టుకోవాలి. 18 ఏళ్ళ లోపు పిల్లలకైతే న్యూ మెక్సికో చట్టమే తప్పనిసరి చేసింది.

ఐదో దశ: గాలిని చూసి దారి ఎంచుకోవడం

నది లోయలో తెల్లవారుజామున చల్లగాలి తరచూ ఉత్తరం నుంచి దక్షిణానికి మెల్లగా జారుతుంది. ఎండ ఎక్కాక నైరుతి, పడమర గాలులు లేస్తాయి. మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నాలు అవి దుమ్ము లేపుతూ వీస్తాయి. కాబట్టి నది వెంట పొద్దున్నే ఉత్తరానికి బయల్దేరి, గాలి దిశ మారకముందే, అంటే పది పదకొండు లోపు, దక్షిణానికి తిరిగొచ్చేయాలి. పోయేటప్పుడు కాస్త ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెన్నుగాలి. వెన్నుగాలితో బయల్దేరితే ఎంత దూరం వచ్చామో తెలియదు, అలిసిపోయాక ఎదురుగాలిలో ఇల్లు చేరాలి. కొండల వైపు పోయేవాళ్ళకూ ఇదే లెక్క. తూర్పుకు ఎక్కడం చల్లటి పొద్దున్నే ముగించి, పడమటి గాలి లేవకముందే దిగాలి. ఆ గాలి లేచాక దిగుడులో కూడా తొక్కాల్సి వస్తుంది.

మొదటి ప్రయాణానికి పసేయో దెల్ బోస్కె దారిని, అంటే మొదట్లో చెప్పిన నది వెంట 16 మైళ్ళ దారిని, మించింది లేదు. కాటన్‌వుడ్ చెట్ల నీడ ఉంటుంది, పెద్ద రోడ్లన్నిటి కింది నుంచీ దారి వెళ్ళిపోతుంది. రియో గ్రాండే నేచర్ సెంటర్ దగ్గర మొదలుపెట్టి టింగ్లీ బీచ్ దాకా మూడు నాలుగు మైళ్ళు పోయి తిరిగి రండి. అక్టోబరులో ఆ చెట్లు పసుపుపచ్చగా మారినప్పుడు తప్పకుండా వెళ్ళాలి. నదికి పడమటి ఒడ్డుకు వెళ్ళాలంటే ఐ-40 హైవే పక్కనే సైకిళ్ళకూ నడిచేవాళ్ళకూ కట్టిన గెయిల్ రైబా వంతెన ఉంది. చెట్ల వేళ్ళు తారును ఎత్తిన చోట్ల అడ్డంగా గట్లు ఉంటాయి, పెడల్ మీద కొంచెం లేచి నిలబడి దాటండి.

ఊరి నడుమ తూర్పు పడమరలుగా పోవడానికి సెంట్రల్ అవెన్యూ వద్దు, బస్సులూ కార్లూ ఎక్కువ. దానికి సమాంతరంగా ఉన్న సిల్వర్ అవెన్యూను సైకిల్ బులెవార్డ్‌గా మార్చారు, కార్లకు కూడా అక్కడ వేగపరిమితి గంటకు 18 మైళ్ళే. యూనివర్సిటీ దగ్గర్నుంచి ఉత్తరానికి నార్త్ డైవర్షన్ చానెల్ అనే వరద కాలువ గట్టు మీది దారి పోతుంది. కొండల పాదాన ట్రామ్‌వే బులెవార్డ్ పక్కన మరో తారు దారి ఉంది. నగరపాలక సంస్థ ఉచిత సైకిల్ మ్యాప్‌లో వేరుగా ఉన్న దారులు, రోడ్డు మీద గీసిన లేన్లు, లేను గీయకుండా రోడ్డు అంచున వదిలిన ఉత్త ఖాళీ చోట్లు వేర్వేరు రంగుల్లో ఉంటాయి. కొత్తవాళ్ళు మొదటి రకంతో మొదలుపెట్టండి. అలిసిపోతే సిటీ బస్సు ముందు సైకిల్ తగిలించే చట్రం ఉంటుంది. శాంటా ఫే వైపు వెళ్ళే రైల్ రన్నర్ రైల్లో సైకిల్‌ను అదనపు ఛార్జీ లేకుండా తీసుకెళ్ళవచ్చు.

రోడ్డు మీద వాహనాల దిశలోనే, కుడి వైపునే తొక్కాలి. ఎదురుగా వచ్చే కార్లు కనిపిస్తాయని ఎడమ పక్కన తొక్కడం ప్రమాదం, మలుపు తిరిగే డ్రైవరు ఆ దిక్కుకు చూడనే చూడడు. ఆగి ఉన్న కార్లకు మూడు నాలుగు అడుగుల దూరం ఉంచండి, తలుపు తెరుచుకుంటే తగలకూడదు. పెద్ద కూడలిలో ఎడమకు తిరగాలంటే నేరుగా దాటి, ఎదుటి మూలన ఆగి, సైకిల్ తిప్పుకుని, ఆ దిక్కు సిగ్నల్‌తో మళ్ళీ దాటండి. దారుల మీద ముందున్నవాళ్ళను దాటేటప్పుడు గంట కొట్టి "ఆన్ యువర్ లెఫ్ట్" అని చెప్పి ఎడమ నుంచి పోవాలి. గుర్రం ఎదురైతే వేగం తగ్గించి రౌతుతో మాట కలపండి. మనిషి గొంతు వింటే గుర్రం బెదరదు.

వానాకాలం, చలికాలం

జూలై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం తర్వాత ఉరుములు వస్తాయి. మీ నెత్తిన ఎండ కాస్తుండగానే సాండియా మీద కురిసిన వాన సిమెంటు కాలువల్లో, ఎండిన వాగుల్లో నిమిషాల్లో మీదికొచ్చేస్తుంది. పిల్లలు ఆ కాలువల వాలు గోడల మీద సైకిల్ తొక్కడానికి ఆశపడతారు. ఎట్టి పరిస్థితుల్లోనూ దిగనివ్వకూడదు, నీళ్ళు వస్తే ఆ నున్నటి గోడ ఎక్కి బయటపడడం పెద్దవాళ్ళకే సాధ్యం కాదు. వాన తగ్గిన మరునాడు వంతెనల కింద దారి పల్లంలో బురద, ఆరాక మెత్తటి ఇసుక మేట వేసి ఉంటాయి. నీడలో కనిపించవు. ముందే వేగం తగ్గించి, మేట మీద బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా దాటండి.

చలికాలంలో మధ్యాహ్నాలు హాయిగా ఉంటాయి. పొద్దున నీళ్ళు గడ్డకట్టే చలి, వంతెనల నీడలో మంచు పలకలు. పది దాటాక బయల్దేరితే సరి.

ఆరో దశ: దారులు బాగుండేలా చూసుకోవడం

దారి మీద ఇసుక మేట, పగుళ్ళు, గాజు, పల్లేరు తీగ కనిపిస్తే నగరపాలక సంస్థ ఫిర్యాదుల నంబరు 311కు చెప్పండి. దారి పేరు, దగ్గరి వీధి లేదా వంతెన, దానికి ఉత్తరమా దక్షిణమా, ఏ అంచున, ఎంత పొడవున ఉందో చెబితే, ఫోటో కూడా పెడితే పని త్వరగా అవుతుంది. "నది దారిలో ఎక్కడో" అంటే ఎవరూ వెతకలేరు.

అపార్ట్‌మెంట్‌లోనో ఆఫీసులోనో సైకిల్ స్టాండు అడిగేటప్పుడు ముందు చక్రం మాత్రమే పట్టే పాత రకం వద్దనండి, చక్రం వంగిపోతుంది. తలకిందుల యు ఆకారపు గొట్టాలు అడగండి. గొట్టానికీ గొట్టానికీ మధ్య మూడు అడుగులు, గోడకు రెండు అడుగులు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, అవి సిమెంటు పలక మీద ఉండాలి, అక్కడి నుంచి రోడ్డు దాకా కూడా సిమెంటే ఉండాలి. కంకర నేల మీద పెట్టిన స్టాండు రెండేళ్ళలో పల్లేరు తోట అవుతుంది.

మీ ఆవరణలో తీగ ఉంటే జూలై చివరి వానల తర్వాత, నేల తడిగా ఉన్నప్పుడు, కాయ పచ్చిగా ఉండగానే తీయాలి. మందపాటి చేతి తొడుగులు వేసుకుని తీగ నడిమి భాగం వెతకండి. ఎంత దూరం పాకినా తల్లివేరు ఒక్కటే. దాన్ని నేల కింద అంగుళం రెండు అంగుళాల్లో కోసి, తీగ మొత్తాన్ని చాప చుట్టినట్టు లోపలికి చుట్టి సంచిలో వేసి మూతి కట్టి చెత్తలో పడేయండి. కంపోస్టు గుంటలో వేయకండి, గింజలు మట్టిలో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. గడ్డి కోసే యంత్రం నడిపితే కాయలు నలుదిక్కులా చెల్లాచెదురవుతాయి. ఇప్పటికే రాలిపోయిన ఎండు కాయలకు పాత తివాచీ ముక్కను బోర్లా వేసి దాని మీద నడవండి, కాయలన్నీ దానికే గుచ్చుకుని వచ్చేస్తాయి. మొదటి ఏడాది ప్రతి మూడు వారాలకోసారి మొలకలు చూసి పీకాలి. పసుపు పువ్వు కనిపించిన తీగను వాయిదా వేయకండి, పువ్వు కాయ కావడానికి ఎక్కువ రోజులు పట్టదు.